బడి ఫారంలో లేని ప్రశ్న

(డాలస్ ఉత్తరాన ఒక లైబ్రరీ హాల్లో, శనివారం తెలుగు తరగతులు నడిచే వేళ, తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారమండీ. పిల్లలు పక్కగదిలో గుణింతాలు దిద్దుతున్నారు కాబట్టి మనకి ఓ గంట దొరికింది. ఆ గంటలో అమెరికా బడుల చట్టాల చరిత్ర చెప్పమన్నారు. అంతా చెప్పడం నావల్ల కాదు. నేను లాయర్ని కాదు. గుంటూరులో జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పేదాన్ని. ఇక్కడికొచ్చాక ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ ఎయిడ్‌గా చేరాను. ఏటా ఆగస్టు వచ్చిందంటే కొత్తగా దిగిన మనవాళ్లకి రిజిస్ట్రేషన్ ఫారాలు నింపిపెడుతుంటాను. ఆ ఫారం తప్ప నాకు వేరే దారి తెలియదు. అందుకని దాన్నే తెచ్చాను. ఇదిగో. పైనుంచి కిందికి కాదు, నాకు తోచిన వరసలో చదువుదాం.

పోయిన ఆగస్టులో ఒకాయన వచ్చారు. విమానం దిగి పది రోజులైంది. చంకలో లావుపాటి ప్లాస్టిక్ ఫైలు. పాస్‌పోర్టులు, వీసా పేజీల కలర్ జిరాక్సులు, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94లు, వీసా మంజూరు చెప్పే ఐ-797లు, అన్నీ రెండేసి సెట్లు. మనకి అలవాటే కదా, ఏ ఆఫీసుకెళ్లినా ఒక కాగితం ఎక్కువే పట్టుకెళ్తాం. కౌంటర్‌లో ఉన్నావిడ ఆ కాగితాలన్నీ ఒక్కొక్కటీ పక్కకి జరుపుతూ పోయింది. చివరికి, "కరెంటు బిల్లు ఉందా?" అంది. పాపం, ఆయనకి కంగారు పుట్టింది. నా వైపు తిరిగి తెలుగులో, "వీసా చూడకుండా ఎలా చేర్చుకుంటారండీ? రేపేమైనా తేడా వస్తే?" అన్నారు. "అడగరండీ. అడగరు కాదు, అడక్కూడదు" అన్నాను. "ఎవరన్నారు?" అన్నారు. లైన్లో ఇంకో ఇరవై మంది ఉన్నారు, చెప్పే టైము లేదు. ఇవాళ చెప్తాను. ఆయన కూడా ఇక్కడే ఎక్కడో ఉన్నట్టున్నారు. (సభలో నవ్వులు)

కానీ ముందు ఒక సంగతి. అమెరికా రాజ్యాంగం అంతా జల్లెడ పట్టినా చదువన్న మాట దొరకదు. బడీ లేదు, పంతులూ లేడు. కేంద్రానికి అప్పగించని అధికారాలన్నీ రాష్ట్రాలవీ ప్రజలవీ అని 1791లో పదో సవరణ చెప్పింది. అలా బడి రాష్ట్రాలకి పోయింది. రాష్ట్రాలు దాన్ని ఊళ్ల చేతిలో పెట్టాయి. అందుకే ఇవాళ దేశంలో 13,000 దాకా స్కూల్ డిస్ట్రిక్టులున్నాయి, అంటే సొంత బోర్డుతో, చాలావరకు తమ ఇళ్ల పన్నుతో బళ్లు నడుపుకునే ప్రాంతాలు. పక్క వీధి వేరే డిస్ట్రిక్టు కావడం మీలో చాలామందికి ఇల్లు కొన్న రోజే అనుభవం.

ఊరి బడి అన్న అలవాటు రాజ్యాంగం కన్నా పాతది. 1647లో మసాచుసెట్స్ కాలనీలో ఒక చట్టం చేశారు. 50 కుటుంబాలున్న ఊరు చదవడం, రాయడం నేర్పే పంతుల్ని పెట్టుకోవాలి. 100 దాటితే గ్రామర్ స్కూలు పెట్టాలి. కారణం ఏం రాశారో తెలుసా? మనుషులకి బైబిల్ చదవడం రాకుండా చేయడమే సైతాను పన్నాగం అట. సైతాను మీద కోపంతో బళ్లు పుట్టాయన్నమాట.

ఆ తర్వాత 1785లో కొత్త భూముల్ని కొలిచి అమ్మడానికి ఒక ఆర్డినెన్స్ చేశారు. ఆరు మైళ్లకి ఆరు మైళ్లు ఒక టౌన్‌షిప్. దాన్ని 36 గళ్లుగా కోశారు. ఒక్కో గడి 640 ఎకరాలు. అందులో పదహారో గడి బడికి. మనూళ్లలో గుడికి మాన్యం రాసిచ్చినట్టే, బడికి మాన్యం. గుడి మాన్యాలకి ఏ గతి పట్టిందో వీటికీ చాలాచోట్ల అదే పట్టింది. అయినకాడికి అమ్మేశారు, చవగ్గా లీజులకిచ్చారు. టెక్సస్ ఈ లెక్కలోకి రాదు. దీని భూములు దీనివే. 1854లో 20 లక్షల డాలర్లతో సొంత బడినిధి పెట్టుకుంది. నేను చెప్పేదేమిటంటే, ఈ దేశంలో బడి డబ్బుకీ భూమికీ ముడి మొదటి రోజునుంచీ ఉంది. ఇది కాస్త గుర్తుంచుకోండి, శాన్ ఆంటోనియో దగ్గర మళ్లీ వస్తుంది.

ఇప్పుడు ఫారంలో లేని ప్రశ్న దగ్గరికి వద్దాం. ఇక్కణ్ణుంచి ఐ-20 మీద తూర్పుకి... ఐ-20 అంటే మీ స్టూడెంట్ వీసా కాగితం కాదండీ, రోడ్డు! (నవ్వులు) ఆ రోడ్డు మీద రెండు గంటల లోపే టైలర్ అనే ఊరొస్తుంది. గులాబీ తోటలకి పేరు. ఆ తోటల్లో, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పని చేయడానికి మెక్సికో నుంచి కుటుంబాలొచ్చాయి. కొందరికి కాగితాలున్నాయి, కొందరికి లేవు. 1975లో టెక్సస్ శాసనసభ ఒక చట్టం చేసింది. చట్టప్రకారం దేశంలోకి రాని పిల్లల చదువుకి రాష్ట్రం పైసా ఇవ్వదు, డిస్ట్రిక్టులు వాళ్లని చేర్చుకోకపోయినా ఫరవాలేదు అని. 1977లో టైలర్ డిస్ట్రిక్టు, అలాంటి పిల్లలు చేరాలంటే ఏటా తలకి 1,000 డాలర్లు కట్టాలంది. రోజుకూలీ మీద బతికేవాళ్లు, ఇంట్లో ముగ్గురు నలుగురు పిల్లలు. కట్టమనడమన్నా, రావద్దనడమన్నా ఒకటే.

నాలుగు కుటుంబాలు కోర్టుకెక్కాయి. కేసులో వాళ్ల అసలు పేర్లు లేవు, అందర్నీ 'డో' అని రాశారు, పేరు దాచాల్సినప్పుడు ఇక్కడి కోర్టుల్లో వాడే పేరది. సూపరింటెండెంట్ పేరు జేమ్స్ ప్లైలర్ కాబట్టి అది ప్లైలర్ వర్సెస్ డో అయింది. వాళ్లు కోర్టుకి వచ్చిన తీరు విన్నాక నాకు ఈ కేసు మనసులోంచి పోలేదు. జడ్జి విలియం వేన్ జస్టిస్. ఇంటిపేరే న్యాయం! వాళ్ల మీద నలుగురి కళ్లూ పడకూడదని ఆయన పొద్దున్నే ఆరుగంటలకి విచారణ పెట్టారు. ఆ తల్లిదండ్రులు చీకటితోనే వచ్చారు, కార్లలో ఇంటి సామానంతా సర్దుకుని మరీ. ఎందుకంటే కోర్టు మెట్లు దిగగానే పట్టుకుని సరిహద్దు దాటిస్తారేమోనని. పిల్లాణ్ణి రెండో క్లాసులో కూర్చోబెట్టడానికి ఇంటిని మూటగట్టి కార్లో పెట్టుకు రావడం! మనం ఫైలు పట్టుకెళ్తాం, వాళ్లు ఇల్లే పట్టుకెళ్లారు.

సుప్రీంకోర్టు 1982 జూన్ 15న తీర్పిచ్చింది. ఐదుగురు పిల్లల వైపు, నలుగురు అటు. రాసింది జస్టిస్ బ్రెనన్. తీర్పు అంతా తిరిగేది ఒక్క మాట చుట్టూ. 1868 నాటి పద్నాలుగో సవరణ, రాష్ట్రం తన పరిధిలో ఉన్న ఏ వ్యక్తికీ చట్టం ముందు సమాన రక్షణ నిరాకరించకూడదంటుంది. వ్యక్తి అంది, పౌరుడనలేదు. కాగితాల్లేని పిల్లాడు వ్యక్తి కాడా? ఈ మాట వరకూ ఎదుటి నలుగురు జడ్జీలు కూడా తగువు పెట్టలేదు. ప్రధాన న్యాయమూర్తి బర్గర్ తన అసమ్మతిలో, పిల్లలకి చదువు లేకుండా చేయడం తెలివితక్కువ పనే, కానీ విధానాలు దిద్దడం మా పని కాదన్నారు. ఆ వాదనని నేను కొట్టిపారేయను. సివిక్స్ చెప్పినదాన్ని, ఎవరి పని ఎవరిదన్న ప్రశ్న నాకూ ముఖ్యమే. కాకపోతే ఆ 'ఎవరి పని' తేలేలోగా ఆరేళ్ల పిల్లకి పదహారేళ్లొస్తాయి. తమాషా ఏమిటంటే, ఆ ప్లైలర్ గారే చాలా ఏళ్ల తర్వాత, ఆ కేసులో మేం ఓడిపోవడమే మంచిదైందన్నారు.

మా పిల్లలకి హెచ్-4, అదే ఉద్యోగ వీసా వాళ్ల కుటుంబానికిచ్చే వీసా, ఉంది కదా, మాకేం సంబంధం అనుకోవచ్చు మీరు. లేఆఫ్ వచ్చి, ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికిచ్చే అరవై రోజుల గడువులో ఉన్న ఇల్లు ఈ గదిలో ఒకటైనా ఉండి ఉంటుంది. చేతులెత్తమని అడగను. ఆ రెండు నెలలూ ఇంట్లో పెద్దవాళ్లకి నిద్ర ఉండదు. పిల్ల మాత్రం పొద్దున్నే బస్సెక్కి బడికి పోతుంది, ఎవరూ ఏమీ అడగరు. అది టైలర్ కూలీలు మనకి పెట్టిన భిక్ష. అలాగని ఇది రాతి మీద గీత అనుకోకండి. ఈ తీర్పుని మళ్లీ సవాలు చేస్తామని మన గవర్నరే 2022లో అన్నారు. అప్పుడు గెలిచింది ఒక్క ఓటుతో.

సరే, కౌంటర్‌లో ఆవిడ అడిగిన కరెంటు బిల్లు. చిరునామా. ఈ ఫారంలో అన్నిటికన్నా బరువైన గడి ఇదే. వీసా అడగని బడి చిరునామా ఎందుకంత గట్టిగా అడుగుతుంది? దానికి శాన్ ఆంటోనియో వెళ్లాలి. ఐ-35 పట్టుకుని దక్షిణానికి నాలుగైదు గంటలు.

అక్కడ ఎడ్జ్‌వుడ్ అని ఒక డిస్ట్రిక్టు. దాదాపు అందరూ మెక్సికన్ అమెరికన్లు. 1968 మేలో అక్కడి హైస్కూలు పిల్లలు క్లాసులోంచి లేచి బయటికి నడిచారు. బిల్డింగులు బాలేవు, టీచర్లు సరిగ్గా లేరు అని. ఆ తల్లిదండ్రుల్లో డెమెట్రియో రోడ్రిగెజ్ అని ఒకాయన, కెల్లీ ఎయిర్‌ఫోర్స్ బేస్‌లో రేకుపని చేసేవారు. వీళ్లంతా కలిసి కేసు వేశారు. అదే ఊళ్లో ఆలమో హైట్స్ అనే ఇంకో డిస్ట్రిక్టు ఉంది, కలిగినవాళ్ల పేట. కోర్టు రికార్డుల్లో ఉన్న అంకెలు చెప్తాను, మీరంతా ఎక్సెల్ మనుషులే కాబట్టి. ఎడ్జ్‌వుడ్ వాళ్ల పన్ను రేటు వంద డాలర్ల ఆస్తికి 1.05 డాలర్లు. ఆలమో హైట్స్ వాళ్లది 0.85. అంటే పేదపేట వాళ్లే ఎక్కువ రేటు కడుతున్నారు. కట్టినా వాళ్ల ఇళ్ల విలువ తక్కువ కాబట్టి స్థానికంగా పోగయ్యేది పిల్లాడికి 26 డాలర్లు. అక్కడ 333. రాష్ట్రం ఇచ్చేది, కేంద్రం ఇచ్చేది అన్నీ కలిపినా ఇక్కడ 356, అక్కడ 594. ఎక్కువ రేటు కట్టినవాడి బిడ్డకి తక్కువ చదువు.

కింది కోర్టులో గెలిచారు. 1973 మార్చిలో సుప్రీంకోర్టులో ఓడిపోయారు. మళ్లీ ఐదు-నాలుగే. తీర్పు రాసిన జస్టిస్ పావెల్ ఒకప్పుడు రిచ్‌మండ్ స్కూల్ బోర్డుకి చైర్మన్, బడి సంగతి తెలియని మనిషేం కాదు. చదువు చాలా ముఖ్యమే, కానీ ఫెడరల్ రాజ్యాంగంలో అదొక హక్కుగా నేరుగానూ లేదు, అంతర్లీనంగానూ లేదన్నారు. పేదపేటలో ఉన్నందుకు తక్కువ డబ్బు రావడం అనేది పద్నాలుగో సవరణ అడ్డుకోవాల్సిన వివక్ష కాదన్నారు. పేదవాళ్లు మళ్లీ ఓడిపోయారని రోడ్రిగెజ్ గారు ఆ రోజు విలేకర్లతో అన్నారు.

ఇక్కడ నాకు మన వైపు కేసొకటి గుర్తొస్తుంది. ఉన్నికృష్ణన్ వర్సెస్ స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, 1993. ప్రైవేటు ఇంజనీరింగ్, మెడికల్ కాలేజీల ఫీజుల గొడవగా మొదలైంది. తీర్చేటప్పుడు మన జస్టిస్ జీవన్‌రెడ్డి గారున్న బెంచి, పద్నాలుగేళ్ల దాకా చదువు జీవించే హక్కులో భాగమంది. మన రాజ్యాంగంలో అప్పటికది ఆదేశిక సూత్రాల్లో, పై అటక మీద ఉంది. 2002లో 21ఎ అధికరణగా కిందికి దిగింది. అక్కడ కోర్టు లేని హక్కుని వెతికి తీసింది. ఇక్కడ కోర్టు వెతికి, లేదంది. అయినా మన బళ్లు ఎలా ఉన్నాయి, వీళ్ల బళ్లు ఎలా ఉన్నాయి అని మీరడగబోతున్నారు, నాకు తెలుసు. హక్కు రాసుకోవడం వేరు, గోడ కట్టడం వేరు. ఇద్దరికీ ఆ రెండూ ఒకేచోట కుదరలేదు.

రోడ్రిగెజ్ కేసు తర్వాత ఈ తగువు రాష్ట్రాల కోర్టులకి మళ్లింది, ఎందుకంటే రాష్ట్రాల రాజ్యాంగాల్లో చదువు ఉంది. టెక్సస్ రాజ్యాంగంలో 'సమర్థమైన' ఉచిత బడుల వ్యవస్థ నడపాలని 1876 నుంచీ రాసి ఉంది. ఆ ఒక్క విశేషణం పట్టుకుని ఎడ్జ్‌వుడ్ వాళ్లు మళ్లీ వెళ్లారు. 1989లో రాష్ట్ర సుప్రీంకోర్టు తొమ్మిదిమందీ ఒకే మాటగా, ఇది సమర్థం కాదన్నారు. అప్పటికి రోడ్రిగెజ్ గారి పిల్లలు బడి వయసు దాటిపోయారు. శాసనసభ రకరకాలుగా కట్టుబొట్టు మార్చి చట్టాలు తెచ్చింది, కోర్టు తిప్పికొట్టింది. చివరికి 1993లో తెచ్చి, 1995లో కోర్టులో నిలబడిందే మనందరం తిట్టుకునే రాబిన్ హుడ్. కలిగిన డిస్ట్రిక్టు నుంచి కొంత లాగి లేని డిస్ట్రిక్టుకి ఇవ్వడం. ప్లేనోలో ఇల్లున్నవాళ్లు, మీ స్కూల్ ట్యాక్సులో కొంత ఎటు పోతోందని ప్రతి జనవరీ నన్నడుగుతారు. అటే పోతోందండీ.

ఇంకోమాట చెప్తే మీకు కోపం రావచ్చు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మనం మొదట అడిగేది ఏమిటి? తూర్పు వాకిలా, ఎలిమెంటరీ రేటింగ్ ఎంత. నేనూ అదే అడిగాను. డెట్రాయిట్ కేసులో 1974లో సుప్రీంకోర్టు, శివారు డిస్ట్రిక్టుల తప్పు రుజువు కానిదే వాటి పిల్లల్నీ నగరం పిల్లల్నీ కలపమని ఆదేశించలేమంది. అలా డిస్ట్రిక్టు హద్దు గీత గోడైంది. ఆ గోడకి మంచి వైపున ఇల్లు వెతుక్కునేవాళ్లలో మనం మొదటి వరసలో ఉంటాం. తప్పని అనను. గోడ ఉందని తెలిసి కొనుక్కుంటున్నాం అంటున్నాను. వ్యక్తిగా గేటు దాటించే విషయంలో ఈ దేశపు కోర్టులు చాలా దూరం వచ్చాయి. డబ్బు దగ్గర, హద్దు దగ్గర ఆగిపోయాయి. నా చదువులో తేలింది అదే. కాదనేవాళ్లుంటే టీ దగ్గర మాట్లాడుకుందాం.

తర్వాతి గడి, జాతి. 'ఏషియన్' అని టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాం. ఒకప్పుడు ఈ గడిని బట్టే ఏ బడికి పోవాలో తేలేది. 1954 మే 17న బ్రౌన్ కేసు తీర్పు వచ్చింది. నాలుగు రాష్ట్రాల కేసులు కలిపి, తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా, వేరు బళ్లంటేనే అసమానమన్నారు. ఇది పాఠ్యపుస్తకాల్లో ఉంది, మీ పిల్లలే మీకు చెప్తారు. నాకు ఆసక్తి తర్వాతి పదేళ్ల మీద. ఎప్పట్లోగా కలపాలి అని 1955లో అడిగితే కోర్టు ఒక మాట అంది. దాన్ని తెలుగులో చెప్పాలంటే, 'నిదానంగా ఆలోచిస్తూ తొందరపడండి'. మన సెక్రటేరియట్ ఫైళ్ల మీద 'పరిశీలనలో ఉంది' అని ఉంటుంది చూడండి, ఆ కులమే.

మాన్స్‌ఫీల్డ్ తెలుసు కదా, ఫోర్ట్‌వర్త్ కింద. ఈ మధ్య మనవాళ్లు అక్కడ కూడా ఇళ్లు కొంటున్నారు. ఆ ఊళ్లో నల్లపిల్లలకి హైస్కూలు లేదు. బస్సెక్కి ఫోర్ట్‌వర్త్‌లో నల్లవాళ్ల హైస్కూలుకి పోవాలి. 1956లో ముగ్గురు పిల్లల తరఫున కేసు వేసి గెలిచారు. చేర్చుకోండని ఫెడరల్ కోర్టు చెప్పింది. చేరాల్సిన రోజున వందలమంది బడి చుట్టూ మూగారు. నల్లమనిషి దిష్టిబొమ్మని బడి ముఖద్వారం మీద వేలాడదీశారు. గవర్నర్ అలన్ షివర్స్ టెక్సస్ రేంజర్లని పంపారు. పిల్లల్ని లోపలికి తీసుకెళ్లడానికి కాదండీ, శాంతికి భంగం అనిపిస్తే ఆ పిల్లల్నే డిస్ట్రిక్టు బయటికి పంపించేయమని. ప్రెసిడెంట్ ఐసెన్‌హోవర్ పట్టించుకోలేదు, అది ఎన్నికల సంవత్సరం. మరుసటేడు ఆర్కన్సాలోని లిటిల్ రాక్‌లో నల్లపిల్లల్ని బడిలోకి తీసుకెళ్లడానికి సైన్యాన్ని పంపింది ఆయనే. మాన్స్‌ఫీల్డ్ పిల్లలు మాత్రం మళ్లీ ఫోర్ట్‌వర్త్ బస్సెక్కారు.

వర్జీనియాలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ఇంకా గడుసుది. బ్రౌన్‌లో కలిసిన కేసుల్లో ఒకటి ఆ ఊరిదే. తారుకాగితం అంటించిన పాకల్లో క్లాసులేమిటని, బార్బరా జాన్స్ అనే పదహారేళ్ల అమ్మాయి 1951లో బడంతటితో సమ్మె చేయించింది. కలపక తప్పదని తేలాక కౌంటీ ఏం చేసిందంటే, 1959లో మొత్తం పబ్లిక్ స్కూళ్లన్నీ మూసేసింది. తెల్లపిల్లలకి ప్రైవేటు అకాడమీ లేచింది. నల్లపిల్లలకి ఐదేళ్లు పబ్లిక్ బడి లేదు. ఏడేళ్ల పిల్లాడు మళ్లీ పబ్లిక్ బడి గుమ్మం చూసేసరికి పన్నెండొచ్చాయి. 1964లో సుప్రీంకోర్టు, ఇక నిదానానికి కాలం చెల్లిందని చెప్పి తెరిపించింది.

మరి మాన్స్‌ఫీల్డ్ ఎప్పుడు కలిసింది? 1965లో. గొడవ లేకుండా, చప్పుడు లేకుండా. ఏం మారింది? 1964లో పౌరహక్కుల చట్టం, జాతివివక్ష చూపే సంస్థకి ఫెడరల్ డబ్బు రాదంది. 1965 ఏప్రిల్‌లో లిండన్ జాన్సన్, తాను చిన్నప్పుడు చదివిన పల్లెబడి ముందు బల్ల వేయించుకుని, మొదటి టీచరమ్మ కేట్ లోనీని పక్కన కూర్చోబెట్టుకుని, పేదపిల్లల బళ్లకి కేంద్రం డబ్బిచ్చే చట్టం మీద సంతకం పెట్టారు. ఆ ఊరు మన ఆస్టిన్‌కి పడమర. ఇప్పుడు డబ్బుంది, షరతూ ఉంది. కోర్టు ఉత్తరువు తొమ్మిదేళ్లలో చేయించలేని పని చెక్కుబుక్కు ఒక్క ఏడాదిలో చేయించింది. మీ పిల్లల బడి బోర్డు మీద 'టైటిల్ వన్' అని కనిపిస్తే అది ఆ సంతకమే.

ఫారం రెండో పేజీలో ఒక చిన్న ప్రశ్న ఉంటుంది. ప్రత్యేక అవసరాలేమైనా ఉన్నాయా అని. ఇక్కడ మనవాళ్ల పెన్ను ఆగుతుంది. 'మాటలు లేటండి అంతే, మా బావగారికీ లేటే' అంటారు. నేను ఏమీ అనను. ఒక్క లెక్క చెప్తాను. 1975లో కాంగ్రెస్ చట్టం చేసేనాటికి ఈ దేశంలో 80 లక్షలమంది పైగా పిల్లలకి ఏదో ఒక వైకల్యం ఉందనీ, అందులో 10 లక్షలమందికి అసలు బడే లేదనీ ఆ చట్టంలోనే రాసుకున్నారు. అంతకుముందు పెన్సిల్వేనియాలో, రాజధాని వాషింగ్టన్‌లో తల్లిదండ్రులు కేసులు వేసి గెలిచారు. వాషింగ్టన్ బోర్డు డబ్బుల్లేవంది. ఉన్న డబ్బే అందరికీ పంచండి, లేమి భారమంతా ఆ పిల్లల నెత్తినే వేయొద్దని 1972లో జడ్జి అన్నారు. ఆ కేసులే చట్టమయ్యాయి. ఐఈపీ అనే కాగితం, అంటే ఒక్కో పిల్లకీ విడిగా రాసే చదువు ప్రణాళిక, అలా పుట్టింది. దేశంలో ఒక్కో పిల్లాడి చదువుకి సగటున అయ్యే ఖర్చులో 40 శాతం దాకా ఇలాంటి ఒక్కో పిల్లకీ ఇస్తామని అప్పుడు కాంగ్రెస్ ఒప్పుకుంది. ఇవాళ్టికీ ఆ దరిదాపులకి రాలేదు.

మన టెక్సస్ ఘనత కూడా చెప్పాలి. 2004లో రాష్ట్ర విద్యాశాఖ 8.5 శాతం అని ఒక అంకె పెట్టింది. డిస్ట్రిక్టులో స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలు అంతకన్నా ఎక్కువుంటే ఆ డిస్ట్రిక్టుకి చెడ్డ మార్కులు. చట్టంలో అలాంటి పరిమితి ఎక్కడా లేదు. హ్యూస్టన్ క్రానికల్ పత్రిక 2016లో బయటపెట్టేదాకా నడిచింది. అది చట్టవిరుద్ధమని ఫెడరల్ ప్రభుత్వం 2018లో తేల్చింది. ఆ పన్నెండేళ్లలో 'మీవాడికి ఏమీ అవసరం లేదు' అని చెప్పించుకుని సంతోషంగా ఇంటికెళ్లిన తల్లిదండ్రుల్లో మనవాళ్లు ఎందరో. అందుకని, పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగండి. నోటిమాటగా వద్దు. ఆ పిల్లల చదువు గురించి బడివాళ్లు తల్లిదండ్రులతో పెట్టే ఆర్డ్ మీటింగుకి ఒంటరిగా వెళ్లకండి, నన్ను పిలిస్తే వస్తాను.

టైమెంతైంది? పది నిమిషాలుందా? సరే, చివరిది. ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?

ఇక్కడ నేను నా తప్పొకటి ఒప్పుకోవాలి. మా అబ్బాయి ఫారంలో 'ఇంగ్లీషు' అని రాశాను. ఇంట్లో మా అత్తగారికి ఇంగ్లీషు ముక్క రాదు. వాడు ఆవిడ ఒళ్లోనే పెరిగాడు. తెలుగు అని రాస్తే ఈఎస్ఎల్లో, అదే ఇంగ్లీషు రాని పిల్లల తరగతిలో, వేస్తారని, వెనకబడిపోతాడని ఎవరో చెప్పారు. రాశాను అబద్ధం. మొదటి రెండు నెలలూ వాడు క్లాసులో నోరెత్తలేదు. బాత్రూమ్‌కి వెళ్లాలని అడగడం రాక బట్టలు తడుపుకుంటే, నేను పక్క బిల్డింగులో వేరేవాళ్ల పిల్లలకి సాయం చేస్తున్నాను.

ఆ ప్రశ్న వెనక 1974 నాటి లావ్ కేసు ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనీస్ పిల్లలు దాదాపు 1,800 మంది, ఏ అదనపు సాయమూ లేకుండా మామూలు క్లాసుల్లో కూర్చున్నారు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు, ఇంకేం సమానత్వం కావాలంది బోర్డు. కంచం ముందు పెట్టి అన్నం వడ్డించకపోవడం సమానత్వం కాదని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. కంచం మాట నాదిలెండి, తాత్పర్యం వాళ్లది. ఆ ప్రశ్న మీ పిల్లని వెనక బెంచీకి తోయడానికి కాదు, వడ్డించడానికి.

ఇక పక్కగది. మీ పిల్లలు దిద్దుతున్న గుణింతాలకి కూడా ఒక తీర్పుంది. 1919లో నెబ్రాస్కాలో ఒక చట్టం చేశారు. మొదటి ప్రపంచయుద్ధం కోపం. ఎనిమిదో తరగతి దాటేదాకా ఏ పిల్లకీ ఇంగ్లీషు తప్ప ఇంకో భాష నేర్పకూడదు, ప్రైవేటు బళ్లో అయినా సరే. హాంప్టన్ అనే పల్లెలో రాబర్ట్ మేయర్ అని లూథరన్ బడి పంతులు. మధ్యాహ్నం విరామంలో పదేళ్ల పిల్లాడికి జర్మన్‌లో బైబిల్ కథ చదివిస్తున్నారు. 1920 మేలో ఒకరోజు గుమ్మంలో కౌంటీ అటార్నీ నిలబడ్డారు. మేయర్ గారు చూశారు. ఇంగ్లీషులోకి మారిపోతే వచ్చినాయన ఏమీ అనకుండా వెళ్లిపోతారని తెలుసు. మారలేదు. జర్మన్‌లోనే చదివించారు. 25 డాలర్ల జరిమానా. అది కట్టకుండా సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1923లో గెలిచారు. అదే ఏడాది అదే కోర్టు భగత్‌సింగ్ థిండ్ అనే మన పంజాబీ ఆయనకి, మీరు తెల్లవారు కారు, ఇక్కడ పౌరులు కాలేరు అని చెప్పింది. ఒక చేత్తో పెట్టి ఒక చేత్తో మొట్టింది.

తర్వాత 1927లో హవాయి కేసు. అచ్చం మన శనివారం బడే. జపనీస్ కుటుంబాలు పబ్లిక్ స్కూలు అయ్యాక పిల్లలకి తమ భాష నేర్పుకునేవాళ్లు. కొరియన్, చైనీస్ బళ్లతో కలిపి అలాంటివి 163. ప్రభుత్వం వాటి మీద పిల్లాడికి డాలరు ఫీజు, రోజుకి గంట మించకూడదు, ఏ పుస్తకం చెప్పాలో మేం చెప్తాం అని చట్టం చేసింది. సుప్రీంకోర్టు తీసేసింది. మన పిల్లల వాచకం ఏదో మనమే ఎంచుకుంటున్నామంటే, ఆ జపనీస్ బళ్లవాళ్లు కోర్టుకెక్కబట్టి.

రెండేళ్ల తర్వాత మా అమ్మాయి ఫారంలో 'తెలుగు' అని రాశాను. వారానికి ఫోనొచ్చింది, చిన్న పరీక్ష పెడతామన్నారు. ఒక ఏడాది ఈఎస్ఎల్‌లో ఉంది. అక్కడ దొరికిన వియత్నాం పిల్లే ఇప్పటికీ దాని ప్రాణస్నేహితురాలు.

రిజిస్ట్రేషన్ ఆగస్టు మొదటివారంలో మొదలవుతుంది. నేను గుమ్మం పక్క టేబుల్ దగ్గరుంటాను. పుట్టినతేదీ కాగితం, టీకాల కార్డు, కరెంటు బిల్లు తెచ్చుకోండి. లీజు ఇంకా మీ పేరు మీదికి రాకపోతే ముందే ఫోను చేయండి. వీసా ఫైలు ఇంట్లోనే పెట్టేసి రండి, మోయడం దండగ. అదిగో, గంట కొట్టారు, పిల్లలొస్తున్నారు. టీ వెనక ఉంది.